తెరపై ఆట, నోట మాట

బంతియాటకు భాషతో పనిలేదని కొందరందురు. మైదానపు గట్టుమీద నిలిచి చూచువానికి ఆ మాట కొంతవరకు చెల్లును. వేలమైళ్ల దూరమున తెర యెదుట కూర్చున్నవానికి మాత్రము ఆటను ఆత్మీయము చేయునది వ్యాఖ్యాత మాటయే. ఇందుకు అమెరికా అనుభవమే సాక్ష్యము.

ఆ దేశమున ఫుట్‌బాల్ అనగా వేరొక ఆట; మన ఫుట్‌బాలును వారు సాకర్ అందురు. ఆగి ఆగి సాగు ఆటల నడుమ ప్రకటనలు చొప్పించుటకు అలవడిన అక్కడి టెలివిజన్‌కు, 45 నిమిషములు నిలుపులేక సాగు ఈ ఆట కొరుకుడుపడలేదు. 1990 ప్రపంచ కప్పు పోటీలను చూపిన టి.ఎన్.టి. సంస్థ, ఆట నడుచుచుండగనే ప్రకటనలు వేసినది. 1994లో ఆ పోటీలు అమెరికాలోనే జరిగినవి. 52 ఆటలకు 35 లక్షలకు పైగా జనము వచ్చిరి. ఆ యేడు ఎ.బి.సి., ఇ.ఎస్.పి.ఎన్. సంస్థలు ఆటకు అడ్డురాక, వ్యాపారుల చిహ్నములను తెర మూలన చూపి ఊరకున్నవి. అయినను ఐరోపా ప్రేక్షకుల సౌకర్యమునకై పెక్కు ఆటలను మిట్టమధ్యాహ్నపు టెండలో ఆడించిరి. కనుక అంగడి పూర్తిగా తలవంచినదనుకొనరాదు.

అక్కడి స్పానిష్ భాషీయులు ఇంగ్లీషు ఛానెళ్ల దయకై వేచియుండలేదు. యూనివిజన్ ఛానెల్‌లో ఆండ్రెస్ కాంటర్ ‘గోల్’ అను ఒక్క మాటను ఊపిరి ఉన్నంతసేపు సాగదీసి పలుకగా, స్పానిష్ రానివారు సైతము చెవియొగ్గిరి.

మన సంగతి యేమి? హైదరాబాదు వాడైన రహీమ్ సాహెబు శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును సాధించినది. ఆ వైభవమును చూపుటకు నాడు మనకు తెర లేదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో వచ్చునప్పటికి ఆ దినములు గడచినవి. కృష్ణాజిల్లా పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1995లో ఈటీవీని నెలకొల్పిరి. వాయుతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినదియు ఆ యేడే. 2018లో తెలుగున క్రీడలకే ఒక ఛానెల్ ఏర్పడినది.

తెర వచ్చినది, ఛానెల్ వచ్చినది, మాట యింకను రావలసియున్నది. ఇంగ్లీషు క్రియకు తెలుగు తోక తగిలించి అరచుట వ్యాఖ్యానము కాదు. ‘ఆఫ్‌సైడ్’, ‘పెనాల్టీ’ వంటి పేర్లను తెలుగు చేయనక్కరలేదు. అవి గోలు వలెనే మనవైనవి. కాని వాక్యము తెలుగుది కావలెను. బంతి దొర్లుట, దూసుకుపోవుట, త్రోవ తప్పుట, ఆటగాడు ఏమార్చుట, కాచుకొనుట—ఇన్ని క్రియలుండగ మనకేమి కరవు?

ఉపాధ్యాయులకు ఒక మనవి. బడిలో పోటీ జరుగునప్పుడు ఒక విద్యార్థిచేత తెలుగున వ్యాఖ్యానము చెప్పించుడు. కన్ను చూచినదానిని నోరు వెంటనే చక్కని వాక్యముగ పలుకుట వ్యాసరచన కంటె తక్కువ పరీక్ష కాదు. ప్రసారపు హక్కులు కొనుట ధనికుల పని. ఆటను చెప్పగల నోటిని తీర్చుట బడి పని.