బట్టీ హెచ్చరిక తెలుగులో ఉండరాదా?

నిజాం ఇలాకా నుండి వలస వచ్చి ఈ మహానగర నిర్మాణంలో రాళ్ళు మోసిన మన కామాఠీల పేరే కామాఠీపురకు నిలిచింది. వారి వారసుడు నేడు అంకెల తెర గల విద్యుత్ బట్టీ ముందు పనికి నిలబడితే, అందులోని హెచ్చరిక మాత్రం అతనికి రాని ఆంగ్లంలో ఉంటుంది.

ఇది అల్ప విషయమా? వేడిని కొలిచే థర్మోకపుల్ తెగితే తెర మీద దోష సంకేతం కనిపించి బట్టీ ఆగుతుంది. ఫ్యూజు మార్చినంత మాత్రాన అది బాగుపడదు. వేడినిచ్చే కాయిల్ ఒకటి తెగితే బట్టీ మందగిస్తుంది. రిలే లోపలి కొసలు అతుక్కుపోతే, తెర "ఆగింది" అన్నా కాయిల్‌లో కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆపకుండా అప్పుడు లోపల చేయి పెట్టినవాని ప్రాణానికి పూచీ ఎవరిది? ఈ నాలుగు మాటలూ తెలుగులో రాసి గోడకు అంటించడానికి ఒక కాగితం చాలు!

1948 నాటి కర్మాగారాల చట్టం 108వ సెక్షన్, నోటీసులు ఆంగ్లంతోపాటు కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోనూ ఉండాలన్నది. అధికసంఖ్యలో లేని తెలుగువాని ప్రాణం చవకా? పైగా విద్యుత్తుతో నడిచే కార్ఖానాకు ఆ మూల చట్టం పెట్టిన హద్దు 10 మంది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో అది 20 అయింది. చిన్న కార్ఖానా ఆ గడప బయటే మిగిలింది.

అయినా మనం నిరాయుధులం కాము. దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం చేసుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. మరాఠీని నేర్చుకుందాం, గౌరవిద్దాం. ప్రాణరక్షణను మాత్రం తెలుగులోనే అడుగుదాం. ప్రతి చాలు నుండి ఒక్కొక్క విన్నపం కదలాలి!