రిటైరైన వారి తీరిక ఊరికి అక్కరకు రావాలి

ఉద్యోగంలో చేరిన రోజునే పదవీ విరమణ తేదీ కూడా తెలిసిపోతుంది. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ రాసినప్పుడే అది దాదాపు ఖాయమవుతుంది. అయినా ఉద్యోగి వేసుకునే లెక్కలన్నీ గ్రాట్యుటీ, పింఛను, పిల్ల పెళ్లి, ఇంటి బాకీ గురించే. మరునాడు ఉదయం పది గంటలకు ఏం చేయాలన్న లెక్క వేసుకునేవారు అరుదు.

ఆ తేదీని సైతం ప్రభుత్వాలు అటూ ఇటూ జరిపాయి. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55 ఏళ్లకు తగ్గించగా, ఆ నెలాఖరుకే వేలాది ఉద్యోగులు ఇంటిదారి పట్టారు. మరుసటి ఏడాది అది మళ్లీ 58 అయింది. 2014లో 60కి, 2022 జనవరిలో 62కి పెరిగింది. జీతం మరికొన్నాళ్లు వచ్చినందుకు సంతోషించినవారు ఉన్నారు. కాని తీరిక ఆలస్యమైన కొద్దీ ఓపిక తగ్గుతుంది. కనుక ముందుచూపు ఇప్పుడు మరింత అవసరం.

రిటైరయ్యాక ఏం చేస్తారని ఏలూరులోగాని, తాడేపల్లిగూడెంలోగాని ఏ ఆఫీసులో అడిగినా వచ్చే జవాబులు నాలుగే. ద్వారకా తిరుమల మొక్కు తీర్చుకుని కాశీకి వెళ్లడం, హైదరాబాదులో మనుమల దగ్గర ఉండడం, సొంత ఊళ్లో రెండెకరాలు చూసుకోవడం, హాయిగా నిద్రపోవడం. యాత్ర పదిహేను రోజుల్లో ముగుస్తుంది. మనుమలు బడికి పోతారు. పొలం కౌలుదారు చేతిలో ఉంటుంది. నిద్ర ఆ వయసులో రమ్మన్నా రాదు. ఇక మిగిలేది అరుగు, పేకముక్కలు, టీవీ. ఇల్లాలికి మాత్రం ఏ వయసులోనూ విరమణ లేదు సరికదా, పగలంతా ఇంట్లో ఉండే భర్తకు రెండు కాఫీలు అదనంగా కలపాలి.

అసలు ఈ బెంగ కూడా అందరికీ దక్కేది కాదు. కొల్లేరు లంకల్లో వల వేసే మత్స్యకారునికి, డెల్టా పొలాల్లో నాట్లు వేసే కూలీకి విరమణ తేదీ లేదు. నడుము వంగనన్న రోజే వారికి ఆఖరి రోజు. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు రూ.4,000 అయింది. అది ఆసరాయేగాని, దానితోనే ఇల్లు గడవదు. ప్రావిడెంటు ఫండు సంస్థ ఇచ్చే కనీస పింఛను 2014లో రూ.1,000గా నిర్ణయించినది. ప్రభుత్వ ఉద్యోగులలోనూ 2004 సెప్టెంబరు తర్వాత చేరినవారికి పాత పింఛను లేదు. నిశ్చింతగా తీరిక అనుభవించేవారు కొద్దిమందే. ఆ తీరికకు అందరి పన్నుల సొమ్మూ తోడైంది. అందులో కొంత భాగం ఊరికి ఇవ్వమని అడగడం తప్పు కాదు.

చేయదలచినవారికి పని కరువు లేదు. ఇంటి పన్నుతోపాటు మనమంతా గ్రంథాలయ పన్ను కడుతున్నాం. సాయంత్రం రెండు గంటలు గ్రంథాలయంలో కూర్చుని పిల్లల చేత పత్రిక చదివించే మాస్టారు ఉంటే ఆ పన్ను సార్థకమవుతుంది. అడంగల్ చదివి చెప్పేవారు లేక రైతులు దళారులను ఆశ్రయిస్తున్నారు. రెవెన్యూలో పనిచేసినవారు వారానికొక రోజు పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుని అర్జీలు రాసిపెట్టవచ్చు. బ్యాంకు ఉద్యోగి కూలీల పాసుపుస్తకాలు చూసిపెట్టవచ్చు. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులను చూడడానికి వచ్చే బడిపిల్లలకు ఒక సైన్సు మాస్టారు తోడుంటే అంతకు మించిన పాఠం లేదు. తోట పెంచాలన్న కోరిక ఉన్నవారికి వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది.

అయితే రిటైరైన మర్నాడు ఇవన్నీ మొదలుకావు. ముప్పయ్యేళ్లు ఫైళ్లు చూసిన చేతికి కొత్త పని అలవడాలంటే కనీసం రెండేళ్ల ముందునుంచి ఆదివారాలు కేటాయించుకోవాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ, పంచాయతీలు, పింఛనుదారుల సంఘాలు కలిసి ఏ ఊళ్లో ఏ పనికి మనిషి కావాలో జాబితా తయారుచేయాలి. వీడ్కోలు సభలో శాలువాతోపాటు ఆ జాబితా కూడా చేతికివ్వాలి.

పింఛనుదారు ఏడాదికోసారి తాను బతికి ఉన్నట్టు ట్రెజరీకి ధ్రువపత్రం ఇవ్వాలి. ఊరికి ఆ సంగతి కాగితంతో తెలియదు. వారు చేసే పనితోనే తెలుస్తుంది.