పిల్లల కీళ్లవాతము - మోకాలి క్రింది తలగడ



కీళ్లవాతము ముసలివారి వ్యాధియను నభిప్రాయము మనలో బలముగా నాటుకొనియున్నది. అందుచేతనే ఎనిమిదేండ్ల పిల్ల ప్రొద్దుట లేచి కుంటినచో "ఆటలో ఎక్కడనో పడియుండును" అని యొకరును, "బడికి పోకుండుటకు నెపము" అని యొకరును అందురు. మా కొత్తవలసలో, మాకు నాలుగిండ్ల యవతలనున్న బాలిక విషయమున నిట్లే జరిగినది. ప్రొద్దున మంచము దిగలేనిదని యేడ్చును. పదిగంటలగునప్పటికి వీధిలో పరుగెత్తును. నెపమని చెప్పుట కింతకంటె సాక్ష్యమేమి కావలెను? నేనును అట్లే యనుకొంటిని. ఆ మాట యిప్పుడు చెప్పుకొనుటకు సిగ్గుగానున్నది.

ఏలయన, ఉదయమున బిగిసియుండి కదలినకొలది సడలుటయే యీ వ్యాధికి ముఖ్యలక్షణము. పదునారేండ్లలోపు పిల్లకు, వేరు కారణము కానరాక, ఆరువారములు గాని అంతకు మించి గాని కీలు వాచియున్నచో వైద్యులు దీనిని శంకింతురు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి కీళ్లలోని పలుచని పొరపై తిరుగబడుట దీని స్వభావము. ఇది అంటువ్యాధి కాదు, దృష్టిదోషము కాదు, తల్లి పెట్టిన తిండివలన వచ్చినది కాదు. పిల్లల కీళ్లవాతము పెద్దలదానికంటె భిన్నమైనదని లండను వైద్యుడు జార్జి ఫ్రెడరిక్ స్టిల్ 1897 లోనే వ్రాసెను. గొంతునొప్పి వచ్చిన కొన్నివారములకు జ్వరముతో నేడు మోకాలు, రేపు చీలమండ అని నొప్పి కీలునుండి కీలునకు తిరుగుచున్నచో అది వేరు వ్యాధి, గుండెను పట్టును. ఒక్క కీలే ఎఱ్ఱబడి, అధికజ్వరముతో పిల్ల దానిని తాకనీయనిచో ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. భేదము నిర్ణయించుట వైద్యుని పని, మనది కాదు.

ఆ బాలిక నాయనమ్మ మిక్కిలి ప్రేమగల యిల్లాలు. మనుమరాలు రాత్రులు మూల్గుచుండగా చూడలేక, మోకాలి క్రింద మెత్తని తలగడ పెట్టి పండుకొనబెట్టెడిది. పిల్లకు హాయిగానుండెడిది. "కదలకు తల్లీ, కాలికి విశ్రాంతి కావలెను" అని నీళ్లగ్లాసుకూడ మంచము దగ్గరకే తెచ్చి యిచ్చెడిది. మూడు నెలలు గడచెను. అప్పటికి కాలు చాచుమన్నను చాచలేకపోయినది.

ఇట్లేల జరిగినది? వాచిన కీలులో నీరు చేరును. కాలు కొంచెము ముడిచినప్పుడు ఆ నీటికి చోటు ఎక్కువగును గనుక నొప్పి తగ్గును; పిల్ల ఎల్లప్పుడును ముడిచియే యుంచును. తొడ వెనుకనున్న కండరములు పొట్టియగును, ముందువి చిక్కిపోవును, కీలుచుట్టునున్న తిత్తి బిగిసిపోవును. ఇంకొక వింత కలదు. వాచిన మోకాటికి రక్తప్రసారమెక్కువై, చిన్నపిల్లలలో ఆ కాలే రెండవదానికంటె పొడుగుగా ఎదుగవచ్చును. పొడుగైన కాలిని సరిపెట్టుకొనుటకు పిల్ల దానిని మఱింత ముడుచును. మనము దయతో పెట్టిన తలగడ యీ పనికంతకును తోడ్పడుచున్నది!

ఆ తరువాత ఎవరో చెప్పగా ఒకరిచేత గట్టిగా నూనె మర్దన చేయించి కాలు లాగించిరి. వాపు ఇనుమడించినది. ఆడపిల్ల గదా, ఊరిలో తెలిసినచో రేపు సంబంధములు రావని దాచుటలో మఱి రెండు నెలలు పోయినవి. నా కత్యంతము దుఃఖము కలిగించినది ఈ దాపరికమే. కాలు ముడిచిపోయిన పిదప దాచుట కేమున్నది?

తుదకు విశాఖపట్నము తీసికొనిపోయిరి. ఆసుపత్రిలో చూచు వేళ ఉదయము. పిల్ల బిగిసియుండు వేళయు ఉదయమే. తెల్లవారుజాముననే వేడినీళ్లు పోసి, స్టేషను మెట్లు తల్లి యెత్తుకొని యెక్కించినది. వైద్యులు మందు వ్రాసి, అంగవ్యాయామ చికిత్సకు, అనగా ఇప్పుడందఱును ఫిజియోథెరపీ యనుదానికి, పంపిరి. మందు వాపు నణచును. బిగిసిన కీలును చాచునది వ్యాయామము. ఒకటి యుండి రెండవది లేకున్న ఫలము సగమే.

అచ్చట నేర్పిన పద్ధతి నేను కన్నులార చూచితిని. ప్రొద్దున గోరువెచ్చని నీళ్ల స్నానము. బిగువు సడలిన పిమ్మట సాధన. పిల్లను వెల్లకిల పండుకొనబెట్టి, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలుంచి, దానిని మోకాలి వెనుకభాగముతో నేలకు నొక్కి ఐదు లెక్కించువఱకు ఉంచుమందురు. తొడ ముందుకండరము బిగియుట తల్లి చేతికి తెలియవలెను. లెక్క ముగియగానే తువ్వాలు తీసివేయవలెను. ఇట్లు పదిమార్లు. తరువాత మడమ క్రింద మాత్రము మడత పెట్టి, మోకాలిని దాని బరువుననే దిగనిత్తురు. పుస్తకము చదువుకొనునప్పుడు బోర్ల పండుకొనుట మంచిది. రాత్రి మోకాలి క్రింద తలగడ కూడదు; కావలసినచో వైద్యులు కొలిచి యిచ్చిన బద్ద కట్టవలెను. బలవంతముగా లాగుట ఎన్నడును కూడదు. కీలు వేడిగా వాచియున్న దినములలో వచ్చినంతవఱకు మెల్లగా కదపిన చాలును. సాధన పిమ్మట నొప్పి రెండుగంటలు దాటియు తగ్గనిచో ఆనాడు ఎక్కువ చేయించినట్లు.

మణికట్టునకు పట్టినవారికి నేర్పు సాధన మన కందఱకును తెలిసినదే: నమస్కారము. అఱచేతులు జోడించి, మోచేతులు మెల్లగా పైకెత్తవలెను. పిల్ల సంధ్యాదీపము వద్ద చేసినను సరియే. అన్నము నమలుటకు గంటసేపు పట్టుచున్నదని కసరుటకు ముందు దవడకీలును చూపింపుడు. దానినికూడ ఈ వ్యాధి పట్టును.

కన్నుల సంగతి మఱవరాదు. కొందఱు పిల్లలకు ఎఱుపుగాని నొప్పిగాని లేకయే కంటిలోపల వాపు కలిగి చూపు పోవచ్చును. వైద్యులు చెప్పిన గడువునకు కంటిపరీక్ష చేయించి తీరవలెను. మెథోట్రెక్సేటు అను మందు వ్రాసినచో అది వారమున కొక్క దినమే. ప్రతిదినము వేయుట ప్రాణాపాయము. పంచాంగముమీద ఆ వారమును గుర్తుపెట్టుకొనుడు.

వంకాయ వాతము, దుంప వాతము అని పిల్ల కంచములోనివి తీసివేయుట తగదు. ఎదుగు ఎముకలకు సున్నపుసారము కావలెను. మన చోడంబలిలో అది సమృద్ధిగా కలదు. బడిలో నేలమీద కూర్చుండబెట్టక బల్ల యిమ్మనియు, గంటకొకసారి లేచి నడువనిమ్మనియు ఉపాధ్యాయులను కోరవచ్చును. ప్రత్యేకావసరములుగల పిల్లలకై మండలములలో నడపు భవిత కేంద్రములలో ఫిజియోథెరపీ కూడ లభించును, విచారింపుడు.

ఆ బాలిక యిప్పుడు బడికి నడచి పోవుచున్నది. కాలు ఇంకను పూర్తిగా చాగలేదు. నేలకును మోకాలికిని నడుమ రెండువ్రేళ్ల సందు మిగిలినది. ప్రతి ఆదివారము నాయనమ్మ తన వ్రేళ్లే పెట్టి కొలుచుచున్నది. మొన్న మూడవ వ్రేలు దూరలేదని వచ్చి నాకు చెప్పినది.