లెక్కకెక్కని గుండు

ప్రమాదవశాత్తూ తుపాకి పేలి ఎందరు చనిపోయారో జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా లెక్క చెబుతుంది. ఆ లెక్కకి ఆధారం పోలీస్ స్టేషన్‌లో రాసుకున్నదే. మరి నల్లమల పక్కనున్న మన పెద్దారవీడు వైపు ఎవరైనా అడవిపందుల కోసమని నాటు తుపాకి తెచ్చి అటకమీద దాచితే, అది పేలి పిల్లవాడికి తగిలితే, స్టేషన్‌కి వెళ్ళేదెవరు? లైసెన్సు లేని తుపాకి ఉంటే, 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం ప్రకారం 2 నుంచి 5 ఏళ్ళ జైలు. ఆ భయంతో తల్లి "మిద్దె మీంచి పడ్డాడు డాక్టరుగారూ" అంటుంది. ఆ గాయం ఏ లెక్కలోకీ రాదు. చిన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు గానీ, దాని గుండు తగిలినా కన్ను పోతుంది. అమ్మలూ, మీ ఇంట్లో అటకమీద ఏముందో ఈరోజే అడగండి. పిల్లల్ని పెంచుతున్న మనకి ఆమాత్రం అడిగే హక్కు లేదా?