బండి కదల్లేదని కేకలేయకండి

2014 ఏప్రిల్ 23 రాత్రి, నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు తిరిగొస్తున్న నాయకురాలు శోభా నాగిరెడ్డి కారు రోడ్డు మీద ఆరబోసిన వడ్లను తప్పించబోయి బోల్తా పడింది. నంద్యాలలో చూపించి హైదరాబాద్ తరలించారు. మరునాడే ఆమె కన్నుమూశారు. ఆ గాయాలకు ఏ వైద్యం సరిపోయేదో తేల్చడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ దారిలో ఎవరికి ప్రమాదం జరిగినా మనవాళ్ల నోట ఒకటే మాట: "ఇంకాస్త ముందే హైదరాబాద్ చేరుంటే బతికేవాళ్లు." ఈ నమ్మకం తప్పు, ప్రమాదకరం కూడా.

స్పృహ తప్పి వెల్లకిలా పడున్న మనిషి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. దవడ విరిగితే నెత్తురు, కక్కుకుంటే తిన్నదంతా అక్కడే చేరుతుంది. గాలి ఆడకపోతే నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. హైదరాబాద్ మాట తర్వాత, అంతలోపు నంద్యాలకైనా చేర్చగల డ్రైవర్ ఎవరు?

మరి మనం చేస్తున్నదేమిటి? 108 అంబులెన్సు ఆగీ ఆగకముందే "ఎత్తండి, పోనీండి" అని కేకలు. టెక్నీషియన్ మోకాళ్ల మీద కూర్చుని, మెడ కదలకుండా దవడను ముందుకు నెట్టి, సక్షన్‌తో నోట్లో నెత్తురు లాగుతుంటే "ఇంకా బండి కదల్చలేదేంది?" అని తగవు. అతను చేస్తున్నదే వైద్యం! బండి కదిలాక వెనక అతనొక్కడే. ఊపిరి అందించాలంటే గాలి పోకుండా ఒక చేత్తో ముఖం మీద మాస్కు అదిమిపట్టి, రెండో చేత్తో దానికున్న గాలి సంచి నొక్కాలి. ముఖం చితికినవారికి, గుబురు గడ్డం ఉన్నవారికి అలా చేయడం చెయ్యి తిరిగినవాళ్లకు కూడా కష్టం. ఇద్దరుంటే ఒకరు రెండు చేతులా మాస్కు పట్టుకుంటారు, ఇంకొకరు సంచి నొక్కుతారు.

గొంతులో గొట్టం వేయందే వైద్యం కాదనే చదువుకున్నవాళ్ల వాదన మరొకటి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 830 మంది పిల్లలపై జరిగి, 2000లో వెలువడిన పరిశోధనలో, అంబులెన్సులో గొట్టం వేయడం వల్ల మాస్కు కంటే ఎక్కువ ప్రాణాలు నిలబడలేదు. పొరపాటున అన్నవాహికలోకి పోయిన గొట్టాన్ని గుర్తించకపోతే మనిషి దక్కడు.

108 మొదలైంది 2005లో. అప్పటినుంచి ప్రభుత్వాలు బళ్ల లెక్కే చెబుతున్నాయి. ఈ దారిలో తిరిగే ప్రతి బండిలో ఇద్దరు టెక్నీషియన్లు కావాలి. 2023లో తెరిచిన నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాలలో మత్తు డాక్టర్ల దగ్గర వాళ్లకు ఏటా మాస్కు పట్టే సాధన చేయించాలి. అందాకా అక్కడ గుమిగూడినవాళ్లలో ఒకరు బండెక్కి, టెక్నీషియన్ చెప్పినట్టు సంచి నొక్కవచ్చు. సాయపడినవారిని కేసుల్లోకి లాగకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చింది.