ఎనిమిది వేస్తే బండి వచ్చేసినట్టేనా?

కుట్టు నేర్చుకోవాలంటే ఫీజు కట్టి నేర్చుకున్నాం. టైపు నేర్చుకోవాలన్నా, కంప్యూటరు నేర్చుకోవాలన్నా అంతే. స్కూటీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అన్నయ్యకి తీరిక దొరకాలి, లేదంటే శ్రీవారి మనసు బాగుండాలి! ఏలూరులో ఆదివారం పొద్దున్నే ఏ స్కూలు గ్రౌండుకైనా వెళ్ళి చూడండి. బండి మీద అమ్మాయి, వెనక సీటు పట్టుకుని పరుగెత్తే బాబాయో, తమ్ముడో. "బ్యాలెన్సు, బ్యాలెన్సు" అని కేకలు. నాలుగు ఆదివారాలు గడిస్తే "మా అమ్మాయికి బండి వచ్చేసిందండీ" అని అందరికీ చెప్పేస్తారు.

నన్నడిగితే అప్పటికి వచ్చింది బ్యాలెన్సు ఒక్కటే.

బాబాయిల మీద నాకేం కోపం లేదు. తెలిసింది చెబుతున్నారు, పాపం. కానీ వాళ్ళు చెప్పే మొదటి పాఠం చూడండి. "కుడి చేతి బ్రేకు ముట్టుకోకు, బోర్లా పడతావ్." గేర్లు లేని స్కూటర్లలో కుడి చేతిది ముందు చక్రం బ్రేకు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకి వస్తుంది కాబట్టి బండిని గట్టిగా ఆపగలిగేది ఆ చక్రమే. వంపులోనూ, తడి రోడ్డు మీదా దాన్ని ఒక్కసారిగా నొక్కితే జారేమాట నిజమే. అందుకని ఎప్పుడు, ఎంత నొక్కాలో నేర్పాలి గానీ అసలు ముట్టుకోవద్దంటే ఎలా? ఎదురుగా గేదె వచ్చిందంటే ఆ పిల్ల వెనక బ్రేకు బిగబట్టి, రెండు కాళ్ళూ నేలకి ఈడుస్తుంది. మనలో ఎంతమందికి ఈ అలవాటు ఉందో ఒక్కసారి చూసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు బండ్లకి ఒక బ్రేకు పట్టుకుంటే రెండు చక్రాలకీ పడే ఏర్పాటు గానీ, ఏబీఎస్ గానీ ఉండి తీరాలన్నారు. బండి కొన్నవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎందరు?

ఇక చట్టం సంగతి. ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాక 30 రోజులు ఆగాలి, ఆరు నెలల్లోగా టెస్టుకి వెళ్ళాలి. ఆ 30 రోజుల్లో మనం ఏం నేర్చుకున్నామో, అసలు నేర్చుకున్నామో లేదో అడిగే నాథుడు లేడు. కారు నేర్పే స్కూలుకైతే 21 రోజులకి తగ్గకుండా, అందులో పది గంటలైనా స్టీరింగు పట్టించాలని 1989 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. బండి నేర్చుకునేవాళ్ళకి పరీక్ష అంటే ఎనిమిది. కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె చుట్టొస్తే పాస్! బ్రిటన్‌లో 1990 నుంచి కొత్తగా బండెక్కేవాళ్ళకి శిక్షణ తప్పనిసరి చేశారు. ముందు ఖాళీ స్థలంలో నేర్పి, ఆ తర్వాత శిక్షకుడు వెంటరాగా రెండు గంటలైనా రోడ్డు మీద నడిపిస్తే గానీ ఒంటరిగా వదలరు.

మన రోడ్లు ఎనిమిది ఆకారంలో లేవు కదండీ. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీల మధ్య నుంచి బయటపడాలి. కొల్లేటి లంకల వైపు వెళ్తే చాలాచోట్ల రెండు పక్కలా చేపల చెరువులే, అంచున రాయి కూడా ఉండదు. చేపల లారీల నుంచి కారిన ఐసు నీళ్ళతో రోడ్డు జారుతూ ఉంటుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. పొద్దుగూకి లైటు వేస్తే పురుగులు కళ్ళల్లో పడతాయి. ఈ దారుల్లో రోజూ తిరిగే ఆడవాళ్ళు షికారుకి తిరగడం లేదు. ఏఎన్‌ఎమ్‌లు, అంగన్‌వాడీ టీచర్లు, 2019లో గ్రామ సచివాలయాలు పెట్టాక ఉద్యోగం వచ్చిన అమ్మాయిలు. బస్సు లేని ఊళ్ళో పోస్టింగు పడితే బండి వస్తేనే ఉద్యోగం నిలుస్తుంది.

మా చుట్టాలమ్మాయి ఒకతె అలాగే జీతం మొదలవగానే బండి కొనుక్కుంది. లైసెన్సు కూడా ఉంది. చెరువు గట్టు మీద వెనక నుంచి లారీ హారన్ కొట్టగానే కంగారుపడి పక్కకి దింపేసింది. మట్టి జారి నీళ్ళల్లో పడింది. అక్కడ పనిచేసుకుంటున్నవాళ్ళు లాగబట్టి బతికింది, చెయ్యి విరిగింది. ఇంట్లో ఏమన్నారో తెలుసా? "నీకు బండి రాదులే, తమ్ముడు దింపుతాడు." ఆ తమ్ముడు అంతకుముందు రెండుసార్లు పడ్డాడు. అతని చేతిలోంచి తాళాలు ఎవరూ లాక్కోలేదు! శిక్షణ లేకపోవడం వల్ల పడితే మగపిల్లాడికి అది అనుభవం, ఆడపిల్లకి అనర్హత. ఇదే నాకు ఎక్కువ బాధ.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళే. హెల్మెట్ లేక పోయినవాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. వెనక సీటు మనదే కదా ఎక్కువగా!

ఇంకో చిక్కు. పదహారేళ్ళకి గేర్లు లేని బండికి లైసెన్సు ఇస్తారు గానీ అది 50 సీసీ దాటకూడదు. షాపుల్లో ఉన్నవి వందకి పైనే. ఇంటర్ చదివే పిల్లకి ఆ బండి ఇచ్చి పంపితే, 2019 సవరణ ప్రకారం తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. కాలేజీ దూరమని తెలిసీ ఇస్తున్నాం.

ఏలూరులో, గూడెంలో కారు నేర్పే స్కూళ్ళవాళ్ళు ఆడవాళ్ళ చేత నేర్పిస్తూ స్కూటర్ బ్యాచి ఒకటి పెట్టొచ్చు. డ్వాక్రా సంఘాల్లో బాగా బండి నడిపేవాళ్ళకి శిక్షణ ఇప్పించి, మండలానికి ఇద్దరిని శిక్షకులుగా పెడితే వాళ్ళకీ నాలుగు రాళ్ళు వస్తాయి. రవాణా శాఖవారు ఎనిమిదితో పాటు ముప్ఫై స్పీడులో వస్తూ గీత దగ్గర ఆపమని అడగాలి, అద్దంలో చూసి పక్కకి తిప్పమని అడగాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఆఫీసు పని మీద ట్రైనింగు ఇస్తారు కదా, అందులో రెండు రోజులు బండికి కేటాయిస్తే వచ్చే నష్టమేమిటి?