హామ్ రేడియో పరీక్షకు సంసిద్ధత



రేడియో యనగానే మనకు వినుటయే స్ఫురించును గాని పలుకుట స్ఫురింపదు. పాటయో ప్రసంగమో వచ్చుచుండును. మనము వినుచు ఇంటిపనులు చేసికొనుచుందుము. మారు పలుకు రేడియో యొకటి కలదనియు, దానిని ఇంట నుంచుకొని దేశదేశములవారితో సంభాషించుటకు ప్రభుత్వమువారు సామాన్యులకు సైతము అనుమతి యిత్తురనియు మనలో ననేకు లెరుగరు. దీనికి అమెచ్యూర్ రేడియో యని పేరు. వాడుకలో హామ్ రేడియో యందురు. మన దేశమున 1921 లోనే అమరేంద్రచంద్ర గుప్త యను నాయన ఇట్టి యనుమతిని బడసెను.

ఆ యనుమతి యూరక రాదు. పరీక్ష నిచ్చి గెలువవలెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతపు గృహిణులను తలచుకొని, ఆ పరీక్షకు ఇంటిపట్టున నుండియే ఎట్లు సిద్ధపడవచ్చునో ఈ మాసమున ముచ్చటించుచున్నాను. తక్కిన తావులవారికిని ఇందలి విషయము పనికివచ్చును.

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇది యేల యని కొందరడుగవచ్చును. సెల్‌ఫోను పలుకవలెనన్న దారిలో టవరు నిలిచియుండవలెను; దానికి విద్యుత్తు అందవలెను. గాలివానకును వరదకును మొదట లొంగునవి యవియే. కరవుసీమ యని పేరుబడిన మన సీమలో సైతము 2021 నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి ప్రాంతమున నది నడుమ చిక్కిన పదిమందిని వాయుసేనవారు హెలికాప్టరుతో రక్షింపవలసివచ్చెను. హామ్ రేడియోకు నడుమ ఎవ్వరి టవరును అక్కరలేదు. ఈ వైపున ఒక యంత్రము, ఆ వైపున ఒక యంత్రము, చెరియొక బ్యాటరీ, చెరియొక ఆంటెన్నా ఉన్న చాలును.

ఇందులకు ఒక స్త్రీ చరిత్రయే సాక్ష్యము. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అను సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో కొందరు సహచరులతో అండమాను దీవులకేగి, పోర్ట్‌బ్లేయరునుండి ప్రపంచపు హాములతో మాటలాడుచుండిరి. డిసెంబరు 26 న భూకంపమును, వెంటనే సునామీయును విరుచుకొనిపడెను. టెలిఫోను మార్గములు తెగిపోయినవి. వినోదముగా సాగుచున్న ఆ కేంద్రమే ఆ దినమునుండి దీవులకును ప్రధాన భూభాగమునకును నడుమ క్షేమసమాచారముల దారి యయ్యెను. ఆమె యనుమతిపత్రము సునామీ నాడు సంపాదించినది కాదు. ఎన్నో యేండ్ల క్రిందట పరీక్ష నిచ్చి పొందినది. వరద వచ్చిన నాడు యంత్రమును ఎరువు తెచ్చుకొనవచ్చునేమో గాని, విద్యను ఎరువు తెచ్చుకొనుట సాధ్యము కాదు. కావున నిశ్చింతగా నున్న దినములలోనే పరీక్షకు కూర్చుండవలెను.

ఇక పరీక్ష మాట. 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నిబంధనలును, పిదప వానికి జరిగిన సవరణలును దీనికి పునాదులు. పండ్రెండేండ్లు నిండినవారెవ్వరైనను కూర్చుండవచ్చును. కావున తల్లియు కూతురును కలిసి చదివి కలిసి వ్రాయుటకు వీలు కలదు. రెండు తరగతు లున్నవి. రిస్ట్రిక్టెడ్ గ్రేడు మొదటి మెట్టు. జనరల్ గ్రేడు రెండవది. రెంటికిని వ్రాతపరీక్షలో రెండు భాగములు: రేడియో శాస్త్రము, రేడియో నిబంధనలు. ఒక భాగమున వచ్చిన అధిక మార్కులు రెండవ భాగపు కొరతను పూడ్చవు. దేనియందును అశ్రద్ధ పనికిరాదు. జనరల్ గ్రేడువారికి వీనికి తోడు మోర్సు సంకేతముల పరీక్ష యుండును.

శాస్త్రమని జంకనక్కరలేదు. ఇంటిలోని ఇస్త్రీపెట్టెయే మొదటి గురువు. దానిపై 230 వోల్టులు, 1000 వాట్లు అని యుండిన, వేయిని 230 చే భాగింపుడు, సుమారు 4.35 ఆంపియర్ల విద్యుత్తు పారుచున్నదని తేలును. మరల 230 ని 4.35 చే భాగించిన 53 ఓముల నిరోధము. ఓము నియమ మనగా నింతియే. రేడియో తరంగముల లెక్కయు నిట్టిదే. 300 ను మెగాహెర్ట్‌జులచే భాగించిన తరంగపు పొడవు మీటర్లలో వచ్చును. 145 మెగాహెర్ట్‌జుల తరంగము రెండు మీటర్ల పొడవు. దానిలో నాలుగవ వంతు, అనగా రమారమి మూరెడు కడ్డీ, ఆంటెన్నాగా చాలును. 7 మెగాహెర్ట్‌జుల తరంగమో, నలువది మీటర్లకు పైబడి యుండును. దాని సగపు తీగ కట్టుటకు మన పెరటి దండెము చాలదు.

పొట్టి తరంగములు చూపువలె తిన్నగా పోవును. పెనుకొండ కొండ నడుమ నిలిచెనా, ఆవలివారికి మన మాట యందదు. ఆ కొండపైకి ఎక్కి పలికితిమా, చుట్టుప్రక్కల చాల దూరము వినబడును. పొడవైన తరంగములు ఆకాశమున అయనావరణమను పొరను తాకి మరలివచ్చి దూరదేశములు చేరును. ఈ భేద మొక్కటి బాగుగ గ్రహించినచో పరీక్షలోని అనేక ప్రశ్నలకు సమాధానము తనంత తానే తోచును. పుస్తకములు ఆంగ్లముననే యెక్కువ గనుక, కెపాసిటర్, ట్రాన్సిస్టర్, మాడ్యులేషన్ మొదలగు మాటలను ఒక నోటుపుస్తకమున తెలుగక్షరములతో వ్రాసికొని, ప్రక్కన వాని పనిని మీ మాటలలో వ్రాసికొనుడు. దినమునకు ఐదు మాటలు చాలును.

నిబంధనల భాగమును కంఠస్థము చేయుటకంటె వాని యుద్దేశము తెలిసికొనుట మేలు. ఈ రేడియో వర్తకమునకు గాదు. హిందూపురపు మార్కెట్టులో బెల్లము ధర యెంత, ధర్మవరపు పట్టుచీరకు బేర మెంతకు కుదిరినది అని దీనిపై అడుగరాదు. పాటలు ప్రసారము చేయరాదు. సంభాషణమున తన పిలుపు సంకేతమును చెప్పవలెను. ఏ దినమున, ఏ వేళ, ఎవ్వరితో, ఏ తరంగముపై మాటలాడితిమో లాగ్ పుస్తకమున వ్రాసియుంచవలెను. పాలలెక్క, చాకలిపద్దు తప్పక వ్రాయు గృహిణికి ఇది క్రొత్త గాదు. ఆపదలో నున్నవారి పిలుపు వినవచ్చినచో తక్కిన సంభాషణ లన్నియు నాపి దానికి దారి యీయవలెను. నిబంధనలలో నిది ప్రధానమైనది.

పేర్లను అక్షరము వెంట అక్షరముగా పలుకుట కూడ నేర్వవలెను. హిందూపురమును ఆంగ్లాక్షరములలో పలుకునపుడు ‘హోటల్, ఇండియా, నవంబర్, డెల్టా, యూనిఫాం, పాపా, యూనిఫాం, రోమియో’ అందురు. కూరలు తరుగుచు మీ యూరి పేరు, పిల్లల పేర్లు ఇట్లు పలికి చూడుడు, వారములో అలవడును.

మోర్సు సంకేతములు పలువురిని బెదరించును. పూర్వము టెలిగ్రాములు ఈ భాషలోనే పోయెడివి. మన దేశమున టెలిగ్రాము సేవ 2013 జులైతో ముగిసినను హాములు ఈ భాషను విడువలేదు. ఇందు చుక్క యొకటి, గీత యొకటి. చుక్క ఒక మాత్ర కాలము, గీత మూడు మాత్రల కాలము. ఛందస్సు చదివిన తెలుగు స్త్రీకి ఇది లఘుగురువుల యాటయే. గురువునకు రెండు మాత్రలే గదా యని సందేహింపకుడు. ఇచ్చట గీతను ఇంకొక మాత్ర సాగదీయవలెను, అంతియే. ‘యమాతారాజభానసలగం’ అను సూత్రము జ్ఞప్తి యున్నదా? అందలి యెనిమిది గణములును మోర్సులో ఎనిమిది అక్షరములు. యగణము డబ్ల్యూ, మగణము ఓ, తగణము జీ, రగణము కే, జగణము ఆర్, భగణము డీ, నగణము ఎస్, సగణము యూ. ఆపదలో పంపు ‘ఎస్ ఓ ఎస్’ నగణ మగణ నగణములు! కాగితముపై చుక్కలు గీతలు చూచి నేర్వక, చెవితో విని నేర్వవలెను. పరీక్షలో వేగము నిమిషమునకు ఎనిమిది మాటలు, మాటకు ఐదక్షరముల లెక్క. ఉదయము పావుగంట, రాత్రి పావుగంట వినుట మేలు. వారమున కొకనాడు మూడు గంటలు కూర్చుండుటవలన లాభము లేదు.

దరఖాస్తును టెలికమ్యూనికేషన్ల శాఖవారి సరళ్ సంచార్ అను వెబ్‌సైటు ద్వారా చేయుదురు. బెంగుళూరు, హైదరాబాదు నగరములందలి వైర్‌లెస్ మానిటరింగ్ కేంద్రములు నిబంధనలలో పరీక్షాస్థానములుగా పేర్కొనబడినవి. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును బెంగుళూరు పోవు రైలుమార్గముననే యున్నవి గనుక మనవారికి బెంగుళూరే దగ్గర.

పరీక్షకు ముందునాడు క్రొత్త పాఠము ముట్టకుడు. గుర్తింపు పత్రము, వయస్సు నిర్ణయించు పత్రము, దరఖాస్తు ప్రతి, ఫొటోలు, రెండు కలములు ఒక సంచిలో నుంచి, మరునాటి వంటకు ఏర్పాటు ముందుగనే చేయుడు. ఆ యొక్క దినము ఇల్లు మీరు లేకయే నడువవలెనని ఇంటివారితో నిర్మొగమాటముగా చెప్పుడు. మగవారి పరీక్షకు ఇల్లంతయు మెలకువతో నడచును. స్త్రీ పరీక్షకును అట్లే నడువవలెను. వ్రాతపరీక్షలో తెలిసినవానికి ముందు సమాధానము లిచ్చి, సందేహించినవానికి పిదప రండు. మోర్సు వినునపుడు ఒక అక్షరము జారిన ఖాళీ వదలి ముందుకు సాగుడు. జారినదానికై వెనుదిరిగితిరా, వచ్చు నాలుగక్షరములును జారును.

ఉత్తీర్ణులైనవారికి అనుమతిపత్రముతో పిలుపు సంకేత మొకటి లభించును. జనరల్ గ్రేడువారిది ‘వీ యూ 2’ తోను, రిస్ట్రిక్టెడ్ గ్రేడువారిది ‘వీ యూ 3’ తోను మొదలగును. అది ఇంటికి ఇచ్చునది గాదు, మనిషికి ఇచ్చునది. ఫలానావారి భార్య, ఫలానావారి కోడలు అను మాటలతో పనిలేక, ప్రపంచమున మరియెవ్వరికిని లేని సంకేతముతో ఆమెను దూరదేశములవారు పిలుతురు. ఊరికి ఆపద వచ్చిన నాడు అధికారులకు కావలసినదియు ఆ సంకేతమే. అది స్త్రీదా పురుషునిదా యని యెవ్వరును విచారింపరు.

ఈ మాసమున పూర్తిచేయుటకు పని స్వల్పమే: ఇస్త్రీపెట్టె లెక్క యొకసారి చేయుడు, ఎనిమిది గణములను ఎనిమిది అక్షరములుగా నోటితో పలుకుడు, ఇరుగుపొరుగున చదువుకొనిన స్త్రీ నొకతెను తోడు చేర్చుకొనుడు. రేడియో సంభాషణకు ఇద్దరు కావలెను గదా, చదువునకును ఇద్దరుండుట మేలు.